జానెడు ఎక్కువైన అరుగు

మా ఇంటి అరుగు జానెడు ఎక్కువ. ముందుగా ఈ మాట చెప్పేస్తే మిగతాదంతా సులువు. ప్రొద్దుటూరులో మా వీధి పొడవునా ఒకప్పుడు ఇంటింటికీ అరుగుండేది. కొన్ని మోటారు సైకిళ్ళు ఎక్కించే వాలు కోసం పోయాయి, కొన్ని గ్రిల్లు బిగించుకుని వరండాలయ్యాయి, కొన్ని అద్దె కొట్లయ్యాయి. ఇప్పుడు మిగిలింది మాదొక్కటే. అది కూడా బుద్ధిగా గోడవారన ఉండకుండా జానెడు ముందుకు, మురుగుకాలువ మీదికి, తోసుకుని వచ్చి ఉంటుంది. ఇల్లు మా నాన్న పద్మనాభయ్యది. ఆయన పోయాక నాది. అరుగు మాత్రం దిల్షాద్‌బీది. దస్తావేజుల్లో అట్లా లేదు. దస్తావేజులు రాసేది మాలాంటివాళ్ళం కాబట్టి లేదు.

నా పేరు కృష్ణకుమారి. ఈ ఊళ్ళోనే డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. ఇది నా కథ కాదు, ఆమె కథ. ఒక తప్పు చేశాను కాబట్టి మధ్యలో నేనూ రావలసి వస్తుంది. దాన్ని దాచుకునే ఉద్దేశం నాకు లేదు. ఉన్నా, దాచుకోనిచ్చే మనిషి కాదు ఆమె.

దిల్షాద్‌బీ పుట్టింది జమ్మలమడుగులో. తల్లి బొంతలు కుట్టేది, కూతురికి అదే వచ్చింది. బొంతలో ఏముంది అనుకుంటారు చూసేవాళ్ళు. పాత చీరలు, పంచెలు, లుంగీలు నాలుగైదు పొరలుగా పరిచి, లావు దారంతో ఒక అంచు నుంచి ఇంకో అంచుకు వరసలు వరసలుగా కుట్టుకుంటూ పోవడమే కదా అంటారు. కుట్టి చూస్తే తెలుస్తుంది. పొరలు ఒకదాని మీద ఒకటి నిలబడవు, జారతాయి. అందుకే ముగ్గురో నలుగురో ఆడవాళ్ళు మూలకొకరు కూర్చుని, తమ బరువుతో గుడ్డను పట్టి ఉంచి కుడతారు. నాలుగంచులూ మూసేదాకా బొంతను పరిచిన చోటి నుంచి ఎత్తరు. ఎత్తితే లోపలి పొర ముడుచుకుపోతుంది, ఆ తర్వాత ఎంత లాగినా సర్దుకోదు. బిడ్డ పుట్టబోయే ఇంటికి కుట్టేదయితే ఈ పట్టింపు మరీ ఎక్కువ. అంచు మూయని బొంతను జరిపితే కడుపులో బిడ్డ అడ్డం తిరుగుతుందని భయం.

పదిహేడో ఏట పెళ్ళి చేసి ప్రొద్దుటూరు పంపారు. భర్త అబ్దుల్ వాహిద్ బండలు పరిచే మేస్త్రీ. వాళ్ళది మా ఎదురిల్లు, ఇల్లంటే ఒకే గది. దానికి కిటికీ లేదు. సూదిలో దారం ఎక్కించాలన్నా గడప దగ్గరికి రావాలి. గడప దగ్గర కూర్చుంటే ఎండ, అత్త సణుగుడు. ఇటు మా అరుగు మీద పొద్దున్నించి మధ్యాహ్నం మూడు దాకా చల్లటి నీడ. కొత్తకోడలు నాలుగు రోజులు ఆ నీడను చూసింది. అయిదో రోజు చీరల మూట చంకన పెట్టుకుని వీధి దాటి వచ్చి కూర్చుంది. ఎవరినీ అడగలేదు.

అప్పటికి నాకు ఎనిమిదేళ్ళు. మా అవ్వ, అంటే నాన్నగారి తల్లి, మడీ ఆచారం గట్టిగా పట్టుకున్న మనిషి. నోరు తెరిచి ఏమీ అనలేదు. దిల్షాద్‌బీ లేచి వెళ్ళగానే బిందెడు నీళ్ళు తెచ్చి అరుగంతా కడిగింది. మర్నాడూ అంతే. మూడోనాడు దిల్షాద్‌బీ తన బిందె తానే తెచ్చుకుంది. ముందు అరుగు కడిగి, ఆరాక కూర్చుని, పని అయ్యాక మళ్ళీ కడిగి, లోపలికి వినబడేట్టు చెప్పింది.

"అవ్వా, రెండుసార్లు కడిగినా. ఇంగ నువ్వు నడుము వంచొద్దు. మూడోసారి కావాలంటే పిలుచు, వస్తా."

మా నాన్న లోపల పేపరు అడ్డం పెట్టుకుని నవ్వడం నేను చూశాను. అవ్వ ఆ రోజు అన్నం సరిగా తినలేదు. కానీ నీళ్ళ బిందె మళ్ళీ ఎత్తలేదు. రెండేళ్ళ తర్వాత ఒకరోజు, ఎప్పుడో పోయిన తాతయ్య పంచెలు పెట్టెలోంచి తీసి, తానే అరుగు మీదికి తెచ్చి, "కుట్టి పెడతావా" అని అడిగింది. ఆ బొంత కప్పుకునే పోయింది చివరికి. కడిగిన ఆ నీళ్ళను తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. దిల్షాద్‌బీ మాత్రం ఆ సంగతి చెప్పి పగలబడి నవ్వుతుంది.

నాన్నది స్కూల్లో తెలుగు అయ్యవారి ఉద్యోగం. ఆయనకో పట్టుదల ఉండేది. అరుగు మీద కూర్చున్నవాళ్ళను ఇంటివాళ్ళు లేపకూడదు. గడప లోపలికి ఎవరు రావాలో మనం చెబుతాం, గడప బయట ఎవరు కూర్చోవాలో చెప్పడానికి మనమెవరం అనేవాడు. నా పెళ్ళిచూపులకు మగపెళ్ళివాళ్ళు వచ్చిన రోజు కూడా దిల్షాద్‌బీ, ఆమె పక్కన కరివేపాకు గంపతో ఒక ముసలమ్మ, ఆ పక్కన బస్సు తప్పిపోయిన ఎవరో జమ్మలమడుగు ఆయన, ముగ్గురూ అక్కడే ఉన్నారు. వచ్చినవాళ్ళు వాళ్ళను దాటుకునే లోపలికి వచ్చారు.

ఒక ఏడు పెద్దవాన పడి పాత మట్టి అరుగు కూలింది. బండలతో కట్టిస్తానని నాన్న వాహిద్‌నే పిలిచాడు. వాహిద్ టేపు తీయలేదు. పెళ్ళాన్ని పిలిచి, బొంత పరచమన్నాడు. ముగ్గురు ఆడవాళ్ళు సర్దుకుని కూర్చున్నారు, వీధి వైపు కూర్చున్న నాలుగో ఆమె కాళ్ళు కాలువలో వేలాడాయి. చోటు జానెడు తక్కువైంది.

"ఐవారూ, జానెడు ముందుకు తోస్తా. బండ మీద ఉంటాది, కాలువ కింద పోతాది. ఏమంటారు?" అన్నాడు.

"నీ భార్య కూర్చునే చోటు. నువ్వే కొలుచుకో" అన్నాడు నాన్న.

జానెడు ఎక్కువైంది అట్లా. ఆ తర్వాత మూడేళ్ళకు వాహిద్ కువైట్ పోయాడు. అక్కడ ఎండలో బండలు పరుస్తూ పడిపోయాడు, మళ్ళీ లేవలేదు. మట్టి కూడా అక్కడే ఇచ్చారు. దిల్షాద్‌బీకి చివరిచూపు దక్కలేదు. భర్త పోయిన ఆడమనిషి నాలుగు నెలల పది రోజులు ఇల్లు దాటకూడదు. ఆ ఇద్దత్ అంతా ఆమె కిటికీ లేని గదిలోనే గడిపింది. ఆ గడువు తీరిన మర్నాడు తెల్లవారగానే బిందె, సూది, మూట తీసుకుని వచ్చింది. వాళ్ళ బంధువుల్లో పెద్దమనిషి ఒకాయన వెంటపడి వచ్చాడు. మగదిక్కు లేనిదానివి, ఇంకా వీధిలో కూర్చుంటావా అని అడిగాడు.

"మగదిక్కు ఉన్నప్పుడు లోపల కుచ్చున్యానా మామా?" అంది. "ఈ బండ ఆయప్ప పరిచినాడు. ఆయప్ప గోరీ యాడుందో నాకు తెలీదు. నాకు ఉండేది ఈ బండే. దీని మింద నుంచి నన్ను లేపేది ఎవురు?"

ఆయన వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. ఆ మాటలు అన్నప్పుడు ఆమె ఏడవలేదు. నేను కిటికీ వెనక నిలబడి ఏడ్చాను.

ఒక్కర్తే కూతుర్ని పెంచింది. మెహతాబ్‌ను పులివెందులలో ఇచ్చింది. అల్లుడు సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు నడుపుతాడు, మంచివాడు. అయిదేళ్ళ కింద ఇక కుట్టింది చాలు, మాతో ఉండమని తీసుకుపోయారు. కొత్త కాలనీ, కొత్త ఇల్లు, గదికి రెండు కిటికీలు. ఇరవై రోజులకు మూట చంకన పెట్టుకుని బస్సు దిగింది.

"ఏమక్కా, అప్పుడే వచ్చేశావు?" అన్నాను.

"ఆడ అన్నీ ఉండాయి పాపా. వీధి ఉంది, లైట్లు ఉండాయి, చెట్లు నాటినారు. కుచ్చునే చోటే ల్యా. పక్కింటామె పేరు తెలుసుకునేకి పదకొండు దినాలు పట్టింది. అదీ గ్యాసు బండి వచ్చినప్పుడు."

నాకు యాభై దాటాయి, ఆమెకు నేను ఇంకా పాపనే. ఆమె పులివెందుల నుంచి తిరిగి రావడం నా అదృష్టం, ఎందుకంటే ఆ చలికాలంలోనే ఒక పొద్దున మా నాన్న స్నానాల గదిలో పడిపోయాడు. నేను కాలేజీ పని మీద కడపలో ఉన్నాను. ఇంట్లో ఇంకెవరూ లేరు. ఎనిమిదైనా గడప పక్కన పాలప్యాకెట్టు అట్లాగే ఉందని చూసింది దిల్షాద్‌బీ. నాన్న ఆరున్నరకే దాన్ని తీసుకుంటాడని ఆమెకు తెలుసు. తలుపు కొట్టింది, పలకలేదు, వీధిని పోగుచేసి తలుపు బద్దలు కొట్టించింది. నాన్న ఇంకో రెండేళ్ళు బతికాడు. ఆ రెండేళ్ళూ ఆమె నాకు ఇచ్చినవి.

ఇదంతా తెలిసి నేను చేసిన పని ఇప్పుడు చెబుతాను.

పోయిన ఏడు మా వీధిని ఆదర్శ వీధి చేస్తామన్నారు. సిమెంటు రోడ్డు, మూతలు వేసిన కాలువలు, జనం కూర్చోవడానికి మూడు సిమెంటు బెంచీలు. బెంచీలు సరిగ్గా ఎండలో వచ్చాయి ప్లానులో. ప్రొద్దుటూరు ఎండలో వాటి మీద రొట్టె కాల్చుకోవచ్చు, కూర్చోలేం. అంతకు ముందు ఇంటింటికీ ఒక ఫారం ఇచ్చారు. కాలువ మీదికి వచ్చిన కట్టడం ఏమిటి, ఎంత, వాడకం ఏమిటి అని మూడు గడులు. నేను కాలేజీకి బయల్దేరుతూ గడప దగ్గర నిలబడి నింపాను. కట్టడం: అరుగు. ఎంత: జానెడు. వాడకం దగ్గర ఒక్క క్షణం ఆగాను. మా ఇంట్లో అరుగు మీద కూర్చునేవాళ్ళు ఎవరూ లేరు. అబద్ధం రాయకూడదు కదా, చదువుకున్నదాన్ని. "లేదు" అని రాసి సంతకం పెట్టాను. పెట్టి, అరుగు మీద బొంత కుడుతున్న దిల్షాద్‌బీ కాళ్ళకు తగలకుండా జాగ్రత్తగా పక్కకు తప్పుకుని మెట్లు దిగాను.

ఇంతకన్నా సిగ్గుమాలిన సంగతి ఇంకోటి ఉంది. ఆ ఫారం నింపిన నెలలోనే నేను ఆ అరుగు మీదే పరిశోధన పత్రం రాస్తున్నాను. మా కాలేజీలో రెండు రోజుల సదస్సు. "సుస్థిర నగరాలు, సంస్కృతి, సమూహ జీవనం: మానవీయ శాస్త్రాల చూపు" అని గేటుకు అడ్డంగా ఫ్లెక్సీ. నా పత్రం పేరు "కనుమరుగవుతున్న అరుగు". దానికోసం దిల్షాద్‌బీ కుడుతుండగా ఫోటో కూడా తీశాను. ఫోటో చూపిస్తే ఆమె కళ్ళద్దాలు సవరించుకుని చూసింది.

"చేతులు వచ్చినాయి, సూది వచ్చింది. తలకాయ యాడ పోయింది పాపా?"

"చేతులే ముఖ్యం అక్కా ఇందులో."

"అట్లనా" అంది, అంతే.

సదస్సుకు ముందురోజు సాయంత్రం గోడకు నోటీసు అంటించి పోయారు. రేపు పొద్దున అరుగు తీసేస్తారు. దిల్షాద్‌బీకి అక్షరాలు రావు. చదివి పెట్టమంది. చదివాను. "యజమాని ఇచ్చిన వివరాల ప్రకారం ఈ కట్టడం వాడకంలో లేదు" అన్న ఒక్క వాక్యం వదిలేసి మిగతాది చదివాను. ఆమె చాలాసేపు బండను అరచేత్తో రుద్దుతూ కూర్చుంది.

"ఎన్ని గంటలకు వస్తారంట?"

"తొమ్మిదికి."

"అయితే ఏడుకే బొంత పరుస్తాం" అని లేచింది.

మర్నాడు ఏడింటికి బొంత పరిచారు. పక్కింటి కోడలు సుమ ఏడు నెలల గర్భిణి. తల్లీబిడ్డలు పడుకునే బొంత కుట్టిపెట్టమని ఆమె ఎప్పుడో అడిగి ఉంది. ఒక మూల దిల్షాద్‌బీ, ఒక మూల వెనక వీధి పర్వీన్, గోడ వైపు మూలకు ఆనుకుని సుమ. కాలువ వైపు నాలుగో మూల ఖాళీ. దాని మీద బరువుకు మా అవ్వ రోకలి పెట్టారు. తొమ్మిదికి జేసీబీ వచ్చింది, దానితో పాటు శ్రీవత్స అనే ఇంజనీరు వచ్చాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు. అంత మర్యాదగా కూల్చడానికి వచ్చినవాళ్ళతో పోట్లాడటం కష్టం.

"అమ్మా, కొంచెం ఆ గుడ్డలు తీసి లోపల పెట్టుకోండి. పది నిమిషాల పని."

"తీసేకి రాదు సార్. అంచు మూసేదాకా బొంత ఎత్తకూడదు."

"ఎత్తితే?"

"ఈ పాప కడుపులో బిడ్డ అడ్డం తిరుగుతాదంట. నాకు నమ్మకం ల్యా సార్. నీకుంటే నువ్వే ఆలోచన చేసుకో. ఆ మిషనాయప్పకు ఉంటే ఆయప్పను చేసుకోమను."

జేసీబీ డ్రైవరు సుమ వైపు చూశాడు, ఇంజను ఆపేశాడు. ఇంజనీరు గడియారం చూసుకున్నాడు. "అంచు ఎప్పటికి మూస్తారమ్మా?"

"గుడ్డ అయిపోతే మూస్తాం."

నాకు పదింటికి పత్రం చదవాలి. వెళ్ళనా వద్దా అని గడప మీద ఊగిసలాడుతున్నాను. దిల్షాద్‌బీ తలెత్తకుండానే, "పో పాపా, నీ పని నువ్వు చూసుకో. మేము కుచ్చునే ఉంటాం గదా" అంది. అందులో దెప్పు లేదు. అదే నన్ను కోసింది. అయినా వెళ్ళాను. పిరికివాళ్ళు వెళ్ళడానికి ఎప్పుడూ మంచి కారణమే ఉంటుంది.

సదస్సులో చల్లటి గాలి, మంచినీళ్ళ సీసాలు, శాలువాలు. నాకు ముందు మాట్లాడినాయన నగరానికి ఆత్మ ఉంటుందన్నాడు, అందరూ చప్పట్లు కొట్టారు. నా వంతు వచ్చింది. తెర మీద ఫోటో పడింది. నల్లబండ, రంగుల గుడ్డలు, తల లేని రెండు చేతులు. "కనుమరుగవుతున్న" అని మొదలుపెట్టాను. అక్కడే ఆగాను. ఆ మాట రాసిందెవరు? అరుగు దానంతట అది మబ్బులా కనుమరుగవుతోందా? ఎవరో ఒకరు కొలిచి, ఎవరో ఒకరు సంతకం పెట్టి, ఎవరో ఒకరు మిషను తోలితేనే కదా అది పోయేది. ఆ మధ్య మనిషిని నేనే.

"ఇది కనుమరుగవడం లేదండీ" అన్నాను. "ఇక్కడికి పది నిమిషాల దూరంలో దీన్ని ఇప్పుడు కూలగొడుతున్నారు. వాడకం లేదని నేను రాసిచ్చాను కాబట్టి కూలగొడుతున్నారు. ఇదిగో నా పత్రం. దీన్ని చదవడానికి నాకు మొహం లేదు."

కాగితాలు బల్ల మీద పెట్టి దిగి వచ్చేశాను. నలభై మంది పండితుల్లో అయిదుగురు నా వెనక ఆటో ఎక్కారు. మిగతావాళ్ళు టీ విరామం ముందే వచ్చిందని సంతోషించి ఉంటారు.

వీధి మొదట్లోనే అర్థమైంది, గుడ్డ అయిపోలేదని. గుడ్డ వస్తూనే ఉంది. ఎదురింటి కొట్టాయన పాత లుంగీ తెచ్చాడు. వెనక వీధి వాళ్ళు పోయిన తల్లి చీర తెచ్చారు. ఎవరో పెళ్ళినాటి పట్టుచీర సగం చిరిగింది తెచ్చి, ఏడ్చి, ఇచ్చి పోయారు. మూడంచులు మూసి ఉన్నాయి. కాలువ వైపు అంచు దగ్గరికి కుట్టు రాగానే దిల్షాద్‌బీ ఇంకో గుడ్డ అతికించి పొడిగిస్తోంది. బొంత అరుగు దిగి మెట్ల మీదికి, మెట్లు దిగి రోడ్డు మీదికి, జేసీబీ ముందు చక్రం దాకా వచ్చింది. శ్రీవత్స చెమట తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు.

నాతో వచ్చిన వాళ్ళలో అమూల్య అని కోస్తా వైపు యూనివర్సిటీ ప్రొఫెసర్ ఒకామె ఉంది. నిజంగానే కదిలిపోయింది పాపం. మోకాళ్ళ మీద కూర్చుని బొంతను తడిమింది.

"అమ్మా, ఇది మా మ్యూజియంకు ఇస్తారా? గోడకు వేలాడదీస్తాం. లోకమంతా చూస్తుంది."

"గోడకా?" దిల్షాద్‌బీ సూది ఆపింది. "గోడకేం చలి తల్లీ?"

వీధి అంతా నవ్వింది. అమూల్య కూడా నవ్వింది. శ్రీవత్సకు మాత్రం నవ్వు రాలేదు. ఆయన నన్ను చూసి, ఊరట పడ్డట్టు, ఫైల్లోంచి కాగితం తీశాడు.

"మేడం, మీరే చెప్పండి వీళ్ళకు. నా సొంత నిర్ణయం కాదు కదా ఇది. వాడకం లేదని మీరే రాసిచ్చారు. ఇదిగో మీ సంతకం."

నేను ఆ కాగితం చూడలేదు. దిల్షాద్‌బీని చూశాను. ఆమె సూదిని గుడ్డలో గుచ్చి వదిలేసి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని నన్ను చూసింది. నలభై మూడేళ్ళలో ఆమె చేతులు ఊరికే ఉండగా నేను చూడటం అదే మొదలు.

"నిన్న చదివి పెట్టినావు గదా పాపా. ఇది చదవలేదే."

"వదిలేశానక్కా."

"నలభై ఏండ్లు నీ కండ్ల ముందర కుచ్చున్యా. నువ్వు బడికి పొయ్యేటప్పుడు, పెండ్లయి పొయ్యేటప్పుడు, మీ నాయన పొయినపొద్దు. ల్యా అని రాసినావా?"

"మా ఇంట్లోవాళ్ళు వాడటం లేదు కదా అని..." అన్నాను. ఆ వాక్యం నోట్లోంచి వస్తుండగానే దాని అసహ్యం నాకు తెలిసింది. అక్కడితో ఆపేశాను. "నన్ను తిట్టక్కా" అన్నాను.

"తిట్టేకి నాకు పని ల్యాదా?" అంది. రోకలిని పక్కకు తోసింది. "ఈ మూల ఖాళీగా ఉండాది. వచ్చి కుచ్చో."

పట్టుచీరతోనే కూర్చున్నాను. ఆమె సూదిలో దారం ఎక్కించి నా చేతిలో పెట్టింది. ఆ బండ అంత చల్లగా ఉంటుందని నాకు తెలియదు. నా ఇంటి అరుగు మీద కూర్చోవడం నాకు అదే మొదటిసారి.

అప్పుడామె శ్రీవత్స వైపు తిరిగింది. "కాలువకు అడ్డమంటాండారు గదా సార్. వంగి ఆ బండ కింద చెయ్యి పెట్టి చూడు. నా మొగుడు మూరెడు ఎడం ఇడిసి కట్టినాడు. ఇన్నేండ్లూ నీళ్ళు యాడ నిలిచినాయో చూపించు, నేనే లేచిపోతా."

శ్రీవత్స కాసేపు అటూ ఇటూ చూశాడు. తర్వాత చొక్కా చేయి మడిచి, రోడ్డు మీద మోకాళ్ళూని, బండ కింద చెయ్యి పెట్టాడు. చేయి మోచేతి దాకా లోపలికి పోయింది. లేచి నిలబడి చేయి దులుపుకున్నాడు. తర్వాత ఫైల్లోంచి ఖాళీ ఫారం తీసి నాకిచ్చాడు. "మళ్ళీ రాయండి మేడం. పైకి పంపుతాను. ఒప్పుకుంటారో లేదో తెలీదు. పని మాత్రం ఇవాళ ఆపుతాను."

కట్టడం: అరుగు. ఎంత: జానెడు. వాడకం దగ్గర ఆగి, ఏం రాయమంటావక్కా అని అడిగాను. నలభై ఏళ్ళ వీధిని ఆ గడిలో ఎట్లా పట్టించాలో చరిత్ర చదివిన నాకు తోచలేదు. ఆమెకు తోచడానికి ఒక కుట్టు పట్టినంత సేపు పట్టింది.

"రాయి. ఈడ దిల్షాద్‌బీ కుచ్చుంటాది. లేపాలనుకున్నోళ్ళు వచ్చి ఆయమ్మనే అడగాల."

ఒక్క అక్షరం మార్చకుండా అట్లాగే రాశాను. సంతకం పెట్టాను. ఆమె నా చేతిలోంచి కాగితం లాక్కుని, శ్రీవత్స జేబులోని పెన్ను తీసి బొటనవేలికి సిరా రుద్దుకుంది.

"అమ్మా, వేలిముద్రకు అందులో చోటు లేదు. యజమాని సంతకం ఒకటే" అన్నాడు శ్రీవత్స.

"జానెడు చోటే మిమ్మల్ని అడక్కుండా తీసుకున్యాం సార్" అంది దిల్షాద్‌బీ. "బొటనేలంత చోటుకు అడుగుతామా?" అని నా సంతకం పక్కనే గట్టిగా ఒత్తింది.

పై నుంచి జవాబు రావడానికి పదకొండు రోజులు పట్టింది. పదకొండు రోజులూ బొంత అంచు మూయలేదు. పగలు ఎవరో ఒకరు నాలుగు మూలలా ఉన్నారు, కాలేజీ అయ్యాక నా మూలకు నేను వచ్చాను. ఇప్పుడు మా వీధి కాలువకు పొడవునా సిమెంటు మూతలున్నాయి. మా ఇంటి దగ్గర మూత లేదు, అరుగే మూత. మూడు బెంచీలు ఎండలో ఖాళీగా ఉన్నాయి.

బొంత చివరికి ఎవరి మంచానికీ సరిపోనంత పెద్దదైంది. సుమకు కూతురు పుట్టింది, అడ్డం తిరగకుండానే. ఆమెకు వేరే బొంత కుట్టి ఇచ్చారు. ఈ పెద్దది మాత్రం ఎవరింట్లో శుభమో అశుభమో జరిగి పదిమంది చేరితే ఆ ఇంటికి పోయి పరుచుకుంటుంది, మళ్ళీ అరుగు మీదికే వస్తుంది. కాలువ వైపు అంచు మీద నేను కుట్టిన వరసలు ఘోరంగా ఉంటాయి, ఒకటి పైకి ఒకటి కిందికి. విప్పి మళ్ళీ కుడతానని ఎన్నోసార్లు అడిగాను. దిల్షాద్‌బీ ముట్టుకోనివ్వదు.

"ఉండనీ పాపా" అంటుంది. "చూసినోళ్ళకు తెలియాల, ఈ పక్కకు శానా ఆలస్యంగా ఎవురో వచ్చి కుచ్చున్యారని."